‘స్టోన్-డెడ్’లో రాయి ఎక్కడిది?

అనువాదకురాలు:
ఇంగ్లీషులో ‘స్టోన్-డెడ్’ అంటే ప్రాణం ఏ కోశానా మిగలని స్థితి. రాళ్ళతో కొట్టి చంపే శిక్ష నుండి ఈ మాట పుట్టిందని ఇక్కడ పదే పదే రాస్తున్నారు, నేను అంగీకరించను. రాయికి కదలిక లేదు, వెచ్చదనం లేదు, పోలిక అంతవరకే. షేక్‌స్పియర్ ‘ఐదవ హెన్రీ’ నాటకంలో ఫాల్‌స్టాఫ్ మరణాన్ని చెప్పే స్త్రీ, దుప్పటి కింద చేయి పెట్టి పాదాలు, మోకాళ్ళు, ఆపైన తడిమి చూస్తే అంతా రాయిలా చల్లబడి ఉందంటుంది. అతనిని ఎవరూ రాళ్ళతో కొట్టలేదు.

ఆంగ్లోపాధ్యాయుడు:
మీరు చల్లదనం గురించి చెబుతున్నారు, నేను చావు గురించి అడుగుతున్నాను. రాళ్ళ దెబ్బలకు చనిపోయిన క్రైస్తవ సాధువు స్తెఫను పండుగను ఏటా డిసెంబరు 26న జరుపుకొనే ఇంగ్లండులో ఆ శిక్ష తెలియనివారెవరు?

పాఠకుడు:
మరి ‘స్టోన్-డెఫ్’ (బొత్తిగా చెవిటి), ‘స్టోన్-బ్లైండ్’ (బొత్తిగా గుడ్డి) సంగతి? చెవుడు కూడా రాళ్ళ దెబ్బలకే వచ్చిందా?

ఆంగ్లోపాధ్యాయుడు:
అవి దీనిని చూసి తరువాత కట్టుకున్న మాటలు కావచ్చు.

అనువాదకురాలు:
1641లో ఇంగ్లండు రాజు మంత్రి స్ట్రాఫర్డ్‌ను ఏం చేయాలన్న చర్చలో ఎసెక్స్ ప్రభువు ‘స్టోన్-డెడ్’ను మించినది లేదన్నాడని చరిత్రకారుడు క్లారెండన్ రాశాడు. ఆ స్ట్రాఫర్డ్ తలను గొడ్డలితో నరికారు. నేను అనువదించిన నవలలో గుండెపోటుతో కుర్చీలోనే పోయిన ముసలాయనను, మీ కథను నమ్మిన ఒక సంపాదకుడు ‘రాళ్ళ దెబ్బలకు చచ్చినవాడు’గా మార్చి, నా పేరుతోనే అచ్చువేశాడు. ఆ తప్పును నేటికీ నేనే మోస్తున్నాను.

ఆంగ్లోపాధ్యాయుడు:
ఆ సంపాదకుడి పాపాన్ని నా మెడకు చుట్టకండి! 1641 నాటికి మూలం మరుగున పడి ఉండవచ్చు. ఇంగ్లీషంటేనే బెదిరిపోయే పల్లెటూరి పిల్లలకు నేను పాఠం చెబుతాను. కథ చెబితే మాట వాళ్ళ నోట నిలుస్తుంది, నిఘంటువు చదివితే నిలవదు. మీకు కావలసినది నా కథ తప్పని తేల్చడం కాదు, కథలు చెప్పే హక్కే నాకు లేదనడం.

అనువాదకురాలు:
కథ చెప్పండి, చరిత్ర అని మాత్రం చెప్పకండి. నా అభ్యంతరమంతా అదే. స్వీడిష్‌లో ‘స్టెన్‌డోడ్’ అన్నా ఇదే అర్థం. జర్మన్‌లో ‘స్టైన్‌ఆల్ట్’ అంటే పండు ముసలి, అక్కడ రాయి ‘మరీ’ అన్న అర్థాన్నే ఇస్తుంది. రాళ్ళ దెబ్బలకు చనిపోయినవాడిని ఉద్దేశించి ఈ మాట మొదట పుట్టిందని చూపే పాత వాక్యం ఒక్కటి తెండి, నా వాదన విరమించుకుంటాను.

ఆంగ్లోపాధ్యాయుడు:
‘అని కొందరంటారు’ అన్న మాట పాఠంలో చేర్చగలను. కథను మాత్రం మానను.