అకౌంట్స్ పేయబుల్‌లో నాలుగేళ్లు చేసినా రెజ్యూమె చూసి ఎవరూ ఫోన్ చేయట్లేదు, ఏం మార్చాలి?

ప్రశ్న:

అందరికీ నమస్తే. నాలుగేళ్లుగా అకౌంట్స్ పేయబుల్‌లో, అంటే కంపెనీకి సరుకులు, సేవలు అమ్మే వెండర్ల బిల్లులు సరిచూసి చెల్లించే విభాగంలో, చేస్తున్నాను. కంపెనీ మారదామని చాలా చోట్ల అప్లై చేశాను, కానీ ఫోన్లే రావట్లేదు. రెజ్యూమె రెండు పేజీలు. నెట్‌లో దొరికిన రంగుల టెంప్లేట్ వాడాను. ఎడమ పక్క నీలం పట్టీలో ఫోటో, ఫోన్ నంబరు, స్కిల్స్ ఉంటాయి. ఎక్సెల్‌కి ఐదులో నాలుగు చుక్కలు పెట్టాను. పైన ఆబ్జెక్టివ్, "సవాళ్లతో కూడిన వాతావరణంలో సంస్థ అభివృద్ధికి తోడ్పడాలని" అని. అనుభవం కింద "ఇన్వాయిస్ ప్రాసెసింగ్ బాధ్యతలు", "వెండర్లతో సమన్వయం", "నెలాఖరు క్లోజింగ్‌లో సహకారం" అని రాశాను. పని నాకు బాగా వచ్చు. రాయడం దగ్గరే ఆగిపోతున్నాను. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు 1:

ఫైనాన్స్ టీములకి మనుషుల్ని వెతికిపెట్టడమే నా పనండీ, కాబట్టి అవతలి వైపు ఏం జరుగుతుందో చెప్తాను.

మీ రెజ్యూమె నా కంటపడాలంటే ముందు సెర్చ్‌లో దొరకాలి. వచ్చిన రెజ్యూమెలన్నీ ఒక సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తాయి, అందులో నేను "అకౌంట్స్ పేయబుల్", "ఎస్‌ఏపీ" (కంపెనీల లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్), "త్రీ వే మ్యాచ్" (ఆర్డరు, అందిన సరుకు, బిల్లు మూడింటినీ పోల్చడం) అని కొట్టి వెతుకుతాను. మీరు ఎస్‌ఏపీ వాడుతూ "ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్" అని దాని జాతి పేరు మాత్రమే రాసుంటే నాకు దొరకరు. ఉద్యోగ ప్రకటనలో ఏ మాట ఉందో, మీకు నిజంగా వచ్చినంతవరకు, అదే మాట వాడండి. నీలం పట్టీ తీసేయండి. కొన్ని సాఫ్ట్‌వేర్లు రెండు కాలమ్‌లని అడ్డంగా కలిపి చదివేస్తాయి, ఫోన్ నంబరు వెళ్లి కంపెనీ పేరు మధ్యలో పడుతుంది. ఫైల్లోదంతా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. అక్కడ వరస తప్పితే మా దగ్గరా తప్పే అవకాశం ఎక్కువ. చుక్కలైతే సెర్చ్‌కి కనబడవు, నాకూ ఏమీ చెప్పవు. నాలుగు చుక్కలంటే ఎక్సెల్‌లో పివట్ టేబుల్ వచ్చనా, వీలుకప్ వచ్చనా?

దొరికాక కూడా టైం తక్కువే. ల్యాడర్స్ అనే ఉద్యోగాల సంస్థ 2018లో రిక్రూటర్ల కంటి కదలికలు గమనిస్తే మొదటి చూపు సగటున 7.4 సెకన్లే ఉంది. నా అనుభవమూ అదే. ఆ చూపులో ఇప్పటి హోదా, కంపెనీ, తేదీలు చూస్తాను, దాని కింద ఒకటో రెండో లైన్లు. అంటే మీ ఆబ్జెక్టివ్ ఉన్న చోటు పేజీలో అన్నిటికన్నా విలువైన చోటు. అది తీసేసి ఇలాంటిది పెట్టండి: "అకౌంట్స్ పేయబుల్‌లో నాలుగేళ్లు. నెలకి సుమారు ఇన్ని ఇన్వాయిస్‌లు, ఇంతమంది వెండర్లు. పీవో ఉన్నవి ఎస్‌ఏపీ మిరోలో, లేనివి ఎఫ్‌బీ60లో పోస్టింగ్." (పీవో అంటే కొనుగోలు ఆర్డరు; మిరో, ఎఫ్‌బీ60 ఎస్‌ఏపీలో బిల్లులు ఎక్కించే స్క్రీన్లు.) ఇది చదవగానే మీ బల్ల మీద రోజూ ఏముంటుందో నాకు తెలిసిపోతుంది. "బాధ్యతలు" అంటే తెలియదు.

జవాబు 2:

నేను ఏపీ (అకౌంట్స్ పేయబుల్) టీం లీడ్‌ని. పై జవాబుతో ఏకీభవిస్తాను, ఒక్కటి కలుపుతాను. "నెలాఖరు క్లోజింగ్‌లో సహకారం" దగ్గర నేను ఆగిపోతాను. అక్రూవల్స్ (బిల్లు ఇంకా రాని ఖర్చుల ఎంట్రీలు) పెట్టారా? జీఆర్‌ఐఆర్ ఖాతా (అందిన సరుకుకీ వచ్చిన బిల్లుకీ తేడా నిలిచే ఖాతా) క్లియర్ చేశారా? వెండర్ స్టేట్‌మెంట్లు మన లెక్కలతో సరిపోల్చి రీకన్సైల్ చేశారా? మూడూ వేర్వేరు పనులు, నాకు అవసరమైన మనిషి వేర్వేరు. ఏది చేశారో అది రాయండి. ఫోటో, పుట్టిన తేదీ, పెళ్లి వివరాలు నాకు అక్కర్లేదు. నోటీస్ పీరియడ్ ఎంతో మాత్రం పైనే రాయండి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ థాంక్సండీ. నోట్‌ప్యాడ్‌లో పెట్టి చూశాను, నా ఫోన్ నంబరు రెండో పేజీ చివర తేలింది!

ఇంకొకటి అడుగుతాను. ఒకే బిల్లు మెయిల్లో ఒకసారి, కాగితంగా ఒకసారి వచ్చేది. ఒకరు ఇన్వాయిస్ నంబరు మధ్యలో గీత పెట్టి ఎంటర్ చేస్తే ఇంకొకరు గీత లేకుండా చేసేవారు. సిస్టమ్ అవి రెండు బిల్లులనుకుని వదిలేసేది. నేను ఎక్సెల్‌లో గీతలు, ఖాళీలు తీసేసి, వెండర్ కోడ్, బిల్లు మొత్తంతో కలిపి పోల్చే షీట్ తయారు చేశాను. ఇప్పుడు ప్రతి పేమెంట్ రన్‌కి (బిల్లులన్నీ ఒకేసారి చెల్లించడం) ముందు టీమంతా అదే వాడుతోంది. దీన్ని రాయొచ్చా? ఎంత శాతం తగ్గిందో లెక్క నా దగ్గర లేదు, అందుకే పెట్టలేదు.

జవాబు 1 ఇచ్చినవారు:

ఇంత మంచి పని చేసి రెజ్యూమెలో పెట్టకపోవడమేమిటండీ! మొదటి బుల్లెట్ ఇదే కావాలి. శాతం ఊహించి మాత్రం రాయకండి. ఎలా లెక్కకట్టారని ఇంటర్వ్యూలో కచ్చితంగా అడుగుతారు, అక్కడ తడబడితే మిగతా నిజాలకీ విలువ పోతుంది. లెక్క లేకపోయినా ఈ వాక్యం నిలబడుతుంది: "ఇన్వాయిస్ నంబరులోని గీతలు, ఖాళీల తేడాల వల్ల సిస్టమ్ పట్టుకోలేని డూప్లికేట్లని గుర్తించే ఎక్సెల్ షీట్ రూపొందించాను. ప్రతి పేమెంట్ రన్‌కి ముందు టీం మొత్తం దీన్నే వాడుతోంది."

టీం వాడుతోందన్నదే ఇక్కడ ఫలితం. ఆ షీట్‌లో పట్టుబడిన బిల్లుల పాత ఫైళ్లు ఉంటే ఒక సాయంత్రం కూర్చుని లెక్కపెట్టండి. నిజమైన సంఖ్య దొరికితే అప్పుడు కలపొచ్చు. వెండర్ల పేర్లు, బ్యాంకు వివరాలు మాత్రం రెజ్యూమెలోకి రానివ్వకండి, షీట్ కూడా ఎవరికీ పంపకండి. అది మీ కంపెనీ డేటా.

ఇక రెండు పేజీల సంగతి. నాలుగేళ్లకి ఒకటి చాలు, కానీ పనికొచ్చే లైన్లు ఉండి ఒకటిన్నర అయినా నేను పక్కన పెట్టను. కొత్తది రాశాక ఆ మొదటి మూడు బుల్లెట్లు ఇక్కడ పెట్టండి, చూస్తాను.