జురాసిక్ కొత్త సినిమాలు మీకు నచ్చుతున్నాయా? మహారాష్ట్ర వైపు సిరోంచ, బల్లార్షా, చాందా (చంద్రపూర్) వాళ్ళు చెప్పండి

ప్రాణహిత_గట్టు (సిరోంచ):
'జురాసిక్ వరల్డ్: రీబర్త్' మంచిర్యాల వెళ్ళి తెలుగులో చూసొచ్చాం. 1993 నాటి మొదటి సినిమాకి స్క్రీన్‌ప్లే రాసినవాళ్ళలో ఒకరైన డేవిడ్ కెప్ మళ్ళీ రాశాడని తెలిసి చాలా ఆశపడ్డాను. తీరా చూస్తే చివర్లో కాళ్ళూ చేతులూ కలిపి ఆరున్న ఒక వికార జంతువు. దాన్ని డైనోసార్ అనడానికి మనసొప్పలేదు. 2015లో ఇండోమినస్, 2018లో ఇండోరాప్టర్, ఇప్పుడిది. ల్యాబ్‌లో కలిపి పుట్టించిన జంతువు లేకపోతే వీళ్ళకి కథ నడవదా? ఇంకెవరికైనా ఇలాగే అనిపించిందా?

బల్లార్షా_కాలరీ:
నాకు దీనికి ముందొచ్చిన 'డొమినియన్' దగ్గరే మనసు విరిగిందన్నా. 2018 సినిమా చివర్లో డైనోసార్లు బోనులు దాటి మనుషుల మధ్యకి వచ్చేశాయి. జూలో సింహం ఎదురుగా నిలబడి టీ-రెక్స్ గర్జిస్తుంది, గుర్తుందా? ఆ తర్వాత ఏమవుతుందో అని నాలుగేళ్ళు ఎదురుచూశాం. పులులు తిరిగే జిల్లాలో ఉన్నాం మనం. తాడోబా పులుల అడవి చుట్టుపక్కల ఊళ్ళలో పొద్దుగూకితే చేనుకి ఒంటరిగా పోవాలంటే భయం, పశువుల్ని ఎక్కడ మేపాలో టెన్షన్, పులి కొట్టిన ఎద్దుకి పరిహారం కోసం ఫారెస్ట్ ఆఫీసు చుట్టూ తిరగడం. పక్కనే డైనోసార్ ఉంటే రైతు ఎలా బతుకుతాడో చూపిస్తారనుకున్నాను. 2022లో తీరా చూస్తే కథంతా పంటల్ని తినే మిడతల మీద నడిచింది! మొదటి సినిమాలో నటించిన సామ్ నీల్, లారా డెర్న్, జెఫ్ గోల్డ్‌బ్లమ్‌ని ఇన్నేళ్ళకి ఒకచోట చేర్చి ఆ మిడతల గొడవలో పెట్టారు. 'రీబర్త్'లోనేమో వాతావరణం పడక డైనోసార్లు చాలావరకు చచ్చిపోయాయని, భూమధ్యరేఖ దగ్గరే మిగిలాయని మొదట్లోనే చెప్పేశారు. ఆ కథ చెప్పే దారి కూడా మూసుకుపోయింది.

చాందా_పాతబస్తీ:
మొదటిది 1994లో హిందీ డబ్బింగ్‌లో చూసినవాణ్ణి. రెండు గంటలు దాటిన సినిమాలో డైనోసార్లు కనిపించేది పావుగంట మాత్రమే. గ్లాసులో నీళ్ళు వణికితేనే హాలంతా గప్‌చుప్ అయిపోయింది. వానలో వచ్చే టీ-రెక్స్ చాలా షాట్లలో స్టాన్ విన్‌స్టన్ బృందం తయారుచేసిన నిలువెత్తు బొమ్మ. అలాగని తప్పు గ్రాఫిక్స్‌ మీద తోయలేం, 'డొమినియన్'లో కూడా బొమ్మలు వాడారు. జంతువు రాకముందు మనల్ని కాసేపు ఎదురుచూడనిచ్చే ఓపిక ఇప్పటివాళ్ళకి లేదు.

ఆలాపల్లి_అడవి:
నేను ఒప్పుకోను. 'రీబర్త్'లో తెప్ప మీద పోతున్న కుటుంబాన్ని టీ-రెక్స్ నదిలో తరిమే సీన్ ఈ సినిమాలకి మూలమైన మైకేల్ క్రైటన్ 1990 నవలలో ఉన్నదే, ఇన్నాళ్ళకి తీశారు. మా తమ్ముడు కుర్చీ అంచుకి జరిగి చూశాడు. పొడుగు గడ్డిలో టైటనోసార్లు, అదే పొడుగు మెడల ఆకులు తినే డైనోసార్లు, కనిపించినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. మొత్తం కొట్టిపారేయకండి.

ప్రాణహిత_గట్టు:
ఆ టైటనోసార్ల సీన్ నాకూ ప్రాణం చెల్లీ. నా బాధంతా అక్కడే ఉంది. మా సిరోంచ వైపు పోచంపల్లి దగ్గర 1960ల మొదట్లో బరపాసారస్ అనే డైనోసార్ ఎముకలు తవ్వితీశారు. దాదాపు 14 మీటర్ల పొడుగు, ఆకులు తినే జంతువు. దాని అస్థిపంజరం కోల్‌కతాలో, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ మ్యూజియంలో నిలబెట్టారు. తెలంగాణ వైపు యామన్‌పల్లిలో దొరికిన కోటాసారస్ అనే ఇంకో డైనోసార్ హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. టీ-రెక్స్, వెలాసిరాప్టర్ జురాసిక్ తర్వాత వచ్చిన క్రెటేషియస్ కాలానివి, మన మట్టిలో దొరికినవి అచ్చంగా జురాసిక్ కాలానివి. ఏ దేశంలో తవ్వినా ఇలాంటివి ఇన్ని బయటపడుతుంటే, కొత్తగా ఒక రాక్షసిని కల్పించాల్సిన అవసరం ఏమొచ్చింది?

బల్లార్షా_కాలరీ:
అన్నా, మరి మీ సిరోంచ దగ్గరి వడధం శిలాజాల పార్కు? పిల్లల్ని తీసుకొస్తే చూడ్డానికి ఏమైనా ఉంటుందా?

ప్రాణహిత_గట్టు:
రాయిగా మారిన చెట్ల మొద్దులు ఉంటాయి తమ్మీ, చూడాల్సినవే. ఎండాకాలంలో మాత్రం రాకండి, చలికాలం పెట్టుకోండి.