పదహారేళ్ల పాత్రకు పాతికేళ్ల నటులు: తప్పా, తప్పదా?

చాక్‌పీస్:
అమెరికన్ హైస్కూల్ సిరీస్‌ల మీద నా అభ్యంతరం ఒకటే. 9వ గ్రేడంటే 14, 15 ఏళ్లు. ఆ క్లాసులో ఒకడికి ఇంకా గొంతే మారదు, పక్కవాడు ఆరడుగులుంటాడు. తెర మీద మాత్రం అందరికీ కండలు తిరిగి ఉంటాయి, ఒక్క మొహం మీదా మొటిమ కనపడదు, పళ్లకు క్లిప్పుండదు. 1978 నాటి హైస్కూల్ సినిమా ‘గ్రీజ్’లో విద్యార్థిని రిజ్జోగా వేసిన స్టాకర్డ్ చానింగ్‌కు షూటింగ్ నాటికే 33 ఏళ్లు. చూసే పిల్లలు ఆ ఒళ్లతో తమను పోల్చుకోరా? వయసుకు తగినవాళ్లనే తీసుకోవాలి.

కాల్‌షీట్:
తీసుకోండి, షెడ్యూల్ ఎవరు వేస్తారు? కాలిఫోర్నియాలో బడి ఉన్న రోజుల్లో 16, 17 ఏళ్లవాళ్లకు 6 గంటల పని, 3 గంటల చదువు, ఒక గంట విశ్రాంతి. 9 నుంచి 15 ఏళ్లవాళ్లకైతే పని 5 గంటలే. పది మందికి ఒక స్టూడియో టీచర్ ఉండాలి. అందుకే పిల్లల క్లోజప్‌లు ముందు లాగేసి పంపించేస్తారు. ఎదుటి నటుడి క్లోజప్ వంతు వచ్చేసరికి సజెషన్‌లో (ఫ్రేమ్ అంచున కనపడే ఎదుటివాడి భుజం) డూప్ భుజం ఉంటుంది, డైలాగ్ ఇంకెవరో చదువుతారు. చూపు కలవదు, జవాబులో ఊపు చస్తుంది. 18 దాటితే ఈ బాధే లేదు. హైస్కూల్ పరీక్ష ముందే పాసైన మైనర్లకూ ఈ గంటల లెక్క వర్తించదు. అంటే బడిపిల్లగా నటించాలంటే ముందు బడి వదిలించుకోవాలన్నమాట!

చాక్‌పీస్:
‘ఎయిత్ గ్రేడ్’ (2018) ఎలా తీశారు మరి? అందులో హీరోయిన్‌గా వేసిన ఎల్సీ ఫిషర్‌కు అప్పుడు 14. మొటిమలు కూడా దాచలేదు.

కాల్‌షీట్:
అది వేసవి సెలవుల్లో తీసిన ఒక్క సినిమా. మూడు సీజన్లపాటు ఒకే గ్రేడ్‌లో ఉండాల్సిన పాత్రకు ఆ పద్ధతి నడవదు. మధ్యలో గొంతు మారితే డబ్బింగ్ కూడా అతకదు. పైగా ఆ సినిమాకు వచ్చింది ఆర్ రేటింగ్. ఆ వయసు పిల్లలు పెద్దవాళ్లు వెంట లేకుండా థియేటర్లో చూడలేరు.

కత్తెర:
ఇద్దరూ మొహాల దగ్గరే ఆగిపోయారు. పెద్దవాళ్లను పెట్టుకున్నాక రాసేవాళ్లకు హద్దు పోతుంది, అసలు చిక్కు అది. తెర మీద వారానికో తాగుడు పార్టీ. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ సర్వేల్లో గత 30 రోజుల్లో మద్యం తాగామన్న హైస్కూల్ విద్యార్థులు 2011లో 39 శాతం, 2021లో 23. కోవిడ్ వల్ల తగ్గిందంటారేమో, 2019కే 29కి దిగింది.

బడి కారిడార్‌లో లాకర్ల దగ్గర తీసే సీన్లూ అంతే. పీరియడ్‌కూ పీరియడ్‌కూ మధ్య సాధారణంగా దొరికేది నాలుగైదు నిమిషాలు. అందులో పుస్తకాలు మార్చుకోవాలి, బాత్రూమ్‌కు వెళ్లాలి, అవతలి చివర గదికి చేరాలి. తీరిగ్గా ప్రేమ గొడవ ఎక్కడ పెట్టుకుంటారు? గొడవంతా ఫోన్‌లోనే. దాన్ని తీయడం నరకం. స్క్రీన్ షూట్ చేస్తే గ్లాసులో లైట్లు కనపడతాయి. అక్షరాలు ఫోకస్‌లో ఉంటే మొహం ఉండదు. మెసేజ్‌ను ఎడిటింగ్‌లో తెర మీద వేస్తే ప్రేక్షకుడు చదివేదాకా షాట్ సాగదీయాలి, సీన్ చప్పబడుతుంది. అందుకే అందరూ మళ్లీ కారిడార్‌కే పరుగెడతారు.

చాక్‌పీస్:
కత్తెర గారూ, తాగుడు లెక్క నా వాదనకే బలం. నిజంగా 15 ఏళ్ల పిల్ల ఎదురుగా నిలబడి ఉంటే ఆ పార్టీ సీన్ అలా రాయడానికి చెయ్యి రాదు. పోనీ 18, 19 ఏళ్లవాళ్లను పెట్టొచ్చుగా, 27 ఎందుకు?

కాల్‌షీట్:
పెట్టొచ్చు, దానికి ఒప్పుకుంటా. కానీ ఒక్కరినే పెడితే లాభం లేదు. 19 ఏళ్లవాడి పక్కన 27 ఏళ్ల స్నేహితుడు బాబాయిలా కనపడతాడు. జూనియర్ ఆర్టిస్టులను కూడా 18 దాటి చిన్నగా కనిపించేవాళ్లనే ఏరేది అందుకే. మార్చాలంటే గ్యాంగు మొత్తాన్నీ ఒకేసారి మార్చాలి.