మిరపకోత కూలీల చేతికి టెంపరేచర్ బ్యాండ్లు కట్టాలా?

రైతుబిడ్డ_గుంటూరు:
కోతలకు ముందు ఒక కంపెనీవాళ్లు మా ఊరొచ్చి చేతి బ్యాండ్లు చూపించారు. కూలీ ఒంటి వేడి, గుండె వేగం రైతు ఫోన్‌లో కనిపిస్తాయి, హద్దు దాటితే మోగుతుంది. కొందామనే అంటున్నాను. 2015 మేలో వడగాడ్పులకు మన రెండు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా పోయారు. కళ్లు తిరిగి పడేదాకా ఎవరూ నోరు విప్పరు కదా.

పల్లె_నర్సు:
మణికట్టు దగ్గర చర్మం వేడి చూసి లోపలి వేడి చెప్పలేం. చెమట ఆరుతుంటే చర్మం చల్లగానే తగులుతుంది, లోపల 39 డిగ్రీలు దాటి ఉండొచ్చు. అమెరికాలో ఎమరీ యూనివర్సిటీవాళ్లు ఫ్లోరిడా పొలాల్లో కూలీలతో మాత్రలాంటి సెన్సర్లు మింగించి లోపలి వేడి కొలిచారు. పరిశోధనకు సరే, రోజూ కోతకు ఎలా కుదురుతుంది? గుండె వేగం మాత్రం పనికొస్తుంది. 180లోంచి వయసు తీసేయండి. నలభై ఏళ్ల మనిషికి 140. కొన్ని నిమిషాలపాటు అంతకు మించి కొట్టుకుంటుంటే పని ఆపించాలి.

నేనైతే ముందు మనిషిని చూస్తాను. సాలులో వెనకబడుతోందా, మాట తడబడుతోందా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతోందా? ఇద్దరిద్దరిని జత చేసి ఒకరినొకరు కనిపెట్టుకోమనండి. మాట తేడా వస్తే వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లు పోసి విసురుతూ 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు.

కోత_కూలీ:
మాకు కిలోల లెక్కన కూలి. బ్యాండ్ మోగిందని కూర్చుంటే ఆ కిలోలు ఎవరిస్తారండీ? తీసి కొంగున ముడేసుకుంటాం. పైగా నీళ్లు తాగితే చాటుకు పోవాలి. చేలో చాటెక్కడుంది? అందుకే ఆడవాళ్లం నీళ్లే తగ్గించుకుంటాం. ఇంకో భయం కూడా ఉంది. ఫోన్‌లో మా గుండె లెక్కలు చూసి, బీపీ ఉన్న మనిషిని రేపటి నుంచి ముఠాలోకి రావద్దంటే?

ఖమ్మం_రైతు:
ఆ డబ్బుతో చేనుకొక వెట్ బల్బ్ గ్లోబ్ మీటర్ కొనండి. వేడి, తేమ, గాలి, ఎండ తాపం అన్నీ కలిపి చెబుతుంది, ఎవరి ఒంటి సంగతీ బయటపెట్టదు. మిగిలిన దాంతో పరదా పందిరి, కుండలో నీళ్లు, మరుగుకు నాలుగు గుంజలు, ఒక పట్టా. కాలిఫోర్నియాలో 27 డిగ్రీలకే పొలంలో నీడ ఏర్పాటు చేయాలని రూలుంది. మన దగ్గర 40 దాటినా చెట్టు కింద కూర్చోమంటారు, ఆ చెట్టు పక్క చేలో ఉంటుంది.

రైతుబిడ్డ_గుంటూరు:
ఫోన్‌లో లెక్కలు చూసి మనిషిని వద్దనడం తప్పే, అలాగైతే బ్యాండ్లు నాకూ వద్దు. పందిరి, మరుగు వేయిస్తాను. కానీ రోజుకూలికి మారితే కోత సాగదని భయం. ఈ ధరల్లో తట్టుకోలేను.

కోత_కూలీ:
రోజుకూలి అడగట్లేదు. కిలో రేటు ఒక్క రూపాయి పెంచి, తెల్లారకముందే కోత మొదలుపెట్టించండి. పన్నెండు నుంచి మూడున్నర దాకా ఎవరినీ చేలో ఉంచొద్దు. అందరం ఒకేసారి ఆగితే పక్కనామె నాకంటే ఎక్కువ కోసేస్తుందన్న టెన్షన్ ఉండదు.