మొదటి స్కాచ్: పొగ వాసన లేనిది ఏదైనా చెప్పండి

కొత్తసీసా: ఇన్నాళ్లూ బీరే. మొన్న ఫ్రెండ్ ఒకడు లాఫ్రోయిగ్ 10 పోశాడు, నోట్లో పెట్టగానే టించరు పూసిన దూది నమిలినట్టుంది. స్కాచ్ అంతా ఇంతేనా? కాస్త తియ్యగా ఉండేది చెప్పండి. గ్లాసు ఎలాంటిది వాడాలి?

పీపాబాబాయ్: ముందు ఆ ఫ్రెండ్‌ని మార్చు తమ్ముడూ, ఈత రానివాణ్ణి బావిలో తోశాడు. స్కాట్లాండ్‌లో స్పేసైడ్ ప్రాంతపు విస్కీల వైపు వెళ్లు. గ్లెన్‌లివెట్ 12, గ్లెన్‌ఫిడిక్ 12, రెండూ పళ్ల వాసనతో మెత్తగా ఉంటాయి. ఆ లాఫ్రోయిగ్ పుట్టిన ఐలా దీవి జోలికి మాత్రం పోకు.

నిప్పుకణిక: మందు అని పిలుస్తూ టించరు వాసనొస్తే ఏడుపేంటో! ఐలా అంటే పొగొక్కటేనా బాబాయ్? బునాహవెన్ 12 అక్కడిదే, పొగ దాదాపు ఉండదు. మొలకెత్తిన బార్లీని పీట్ (చిత్తడినేలల్లో తవ్వి ఎండబెట్టి కాల్చే మట్టి) పొగలో ఆరబెడితే వచ్చే వాసన అది, దీవి చేసిన పాపం కాదు.

సోడారాజు: ఇస్లే కదా?

నిప్పుకణిక: ఎస్ పలకరు. ఐలా.

సోడారాజు: రాసేదొకటి పలికేదొకటి. సరే, 18 ఏళ్లది కొను బ్రో, వయసు పెరిగేకొద్దీ మంచిది.

పీపాబాబాయ్: ఎవరు చెప్పారు? చట్టం ప్రకారం ఓక్ పీపాలో 3 ఏళ్లుంటే చాలు. సీసా మీది అంకె అందులో కలిపినవాటిలో అన్నిటికన్నా చిన్నదాని వయసు. మరీ ఎక్కువ ఏళ్లుంటే చెక్క రుచే మిగలొచ్చు. పదిహేనేళ్ల నుంచి తాగుతున్నా, నాకా చెప్తావ్?

సోడారాజు: తాగడం కూడా అనుభవమేనా సార్, సర్టిఫికెట్ ఇస్తారా?

తేనెచుక్క: మీ గొడవలో నా ఏడుపు కూడా వినండి. ముదురు రంగు చూసి షెర్రీ వైన్ నిలవుంచిన పీపాలోదే అనుకుని ఒకటి కొన్నా. తీరా చూస్తే రంగు కోసం కారమెల్ కలిపారట, నిబంధనలు ఒప్పుకుంటాయట కూడా. రంగు చూసి మోసపోవద్దు. అందులో ఐస్ నింపుకుని ఎలాగో అవగొట్టా.

నిప్పుకణిక: ఐస్ వేస్తే వాసన చచ్చిపోతుందండీ. నాలుగు చుక్కల నీళ్లు చాలు.

తేనెచుక్క: నా గ్లాసు, నా ఐస్.

కొత్తసీసా: గ్లెన్‌మొరాంజీ ఒరిజినల్ తెచ్చుకున్నా. కొంచెం నీళ్లు కలిపితే నారింజ తొక్క, తేనె గుర్తొచ్చాయి, గొంతు కూడా మండలేదు. స్టీలు గ్లాసులోనే తాగా, ఎవరూ చెప్పలేదు కాబట్టి.

పీపాబాబాయ్: స్టీలా??