గూట్లో పట్టే టూ-వే స్పీకర్లు: పెట్టె ఎంత ఉండాలి, క్రాసోవర్ లెక్క ఎలా వేయాలి?

గవర్నర్‌పేట శ్రోత (విజయవాడ)

మిత్రులందరికీ నమస్కారం. మా ముందు గదిలో గోడలోనే కట్టిన సిమెంటు గూళ్లు రెండు ఉన్నాయి. ఒక్కొక్కటి 45 సెం.మీ. ఎత్తు, 30 సెం.మీ. లోతు. వాటిలో పట్టేలా ఒక జత టూ-వే స్పీకర్లను (కింది స్వరాలకు వూఫర్, పై స్వరాలకు ట్వీటర్ అని రెండు డ్రైవర్లు ఉండేవి) సొంతంగా తయారుచేసుకోవాలని నా కోరిక. నేను ఎక్కువగా వినేది కర్ణాటక సంగీతం. 1948 డిసెంబరులో విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైననాటి నుంచి మా ఇంట్లో రేడియో మోగుతూనే ఉంది. మా నాన్నగారు ఆ కచేరీలను క్యాసెట్లలోకి ఎక్కించి దాచారు. వాటిలోని గాత్రం, మృదంగం సహజంగా వినిపిస్తే నాకు అంతకుమించి అక్కర్లేదు.

ఆరున్నర అంగుళాల వూఫర్లు, ఒక అంగుళం సిల్కు డోమ్ ట్వీటర్లు కొన్నాను. అమ్మినవారు ఇచ్చిన కాగితంలో వూఫర్ ఎఫ్ఎస్ (అది సొంతంగా కంపించే పౌనఃపున్యం) 38 హెర్ట్జ్ అని ఉంది. రెండు రోజులు మోగించిన తరువాత నేను కొలిస్తే 45 హెర్ట్జ్ వచ్చింది. నా కొలతల ప్రకారం క్యూటీఎస్ (ఆ కంపనం ఎంత త్వరగా అణుగుతుందో చెప్పే అంకె) 0.38, వీఏఎస్ (వూఫర్ కోన్ బిగువుకు సమానమైన గాలి పరిమాణం) 24 లీటర్లు, డీసీ నిరోధం 5.8 ఓములు, వూఫర్ లోపలి కాయిల్ ఇండక్టెన్స్ 0.6 మిల్లీహెన్రీ. ట్వీటర్ ఎఫ్ఎస్ 1,000 హెర్ట్జ్. సున్నితత్వం (ఒకే శక్తికి ఎంత గట్టిగా మోగుతుందన్నది) వూఫర్‌కు 87, ట్వీటర్‌కు 91 డెసిబెల్స్.

ఇంటర్నెట్‌లోని కాల్‌క్యులేటర్ పోర్టుతో (గాలి ఆడే గొట్టంతో) 22 లీటర్ల పెట్టె, 45 హెర్ట్జ్ ట్యూనింగ్ (ఆ పోర్టు మోగే పౌనఃపున్యం) చూపించింది. క్రాసోవర్‌కు (కింది స్వరాలను వూఫర్‌కు, పై స్వరాలను ట్వీటర్‌కు విడదీసి పంపే సర్క్యూట్‌కు) 2,500 హెర్ట్జ్ వద్ద 8 మైక్రోఫారడ్ల కెపాసిటర్, అర మిల్లీహెన్రీ కాయిల్ చాలునని చెప్పింది. వడ్రంగికి కొలతలు ఇచ్చేముందు అనుభవజ్ఞులు ఒకసారి చూసి చెప్పగలరని మనవి.

బ్రాడీపేట (గుంటూరు)

నమస్కారమండి. కాగితాన్ని నమ్మకుండా మీరే కొలవడంతో సగం కష్టం తప్పించుకున్నారు. ముందుగా పెట్టె సంగతి చూద్దాం.

ఆ డ్రైవర్‌కు 22 లీటర్లు, 45 హెర్ట్జ్ అన్న లెక్క సరైనదే. లోపలి వ్యాసం 5 సెం.మీ. ఉన్న పైపు వాడితే పోర్టు పొడవు సుమారు 9.5 సెం.మీ. వస్తుంది. అయితే 18 మి.మీ. చెక్కతో, 22 సెం.మీ. వెడల్పు, 40 సెం.మీ. ఎత్తుతో ఆ పెట్టె కట్టించి చూడండి, లోతు 39 సెం.మీ. అవుతుంది. మీ గూడు లోతు ముప్పయ్యే. దాన్ని కుదించి 12 లీటర్లలో పోర్టు పెడితే వూఫర్ స్వభావానికి, పెట్టె స్వభావానికి పొంతన కుదరక, మృదంగం తొప్పి (ఎడమవైపు ముఖం) దెబ్బ ఒక్కటిగా వినిపించవలసినచోట సాగదీసినట్లు వినిపిస్తుంది.

మీరు వినే సంగీతాన్నిబట్టి ఆలోచించినా పోర్టు లేని మూసిన పెట్టె మేలని నా అభిప్రాయం. మూసిన పెట్టెలో మొత్తం క్యూ (పెట్టెలో బిగించాక వచ్చే క్యూటీఎస్ లాంటి అంకె) 0.707 రావాలంటే మీ వూఫర్‌కు 9.8 లీటర్లు కావాలి. అప్పుడు మూడు డెసిబెల్స్ తగ్గే స్థానం 84 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఒకటో శ్రుతిలో పాడే పురుష గాత్రానికి ఆధార షడ్జమం 131 హెర్ట్జ్, మంద్ర పంచమం 98 హెర్ట్జ్. అంటే గాత్రం మొత్తం నిక్షేపంగా వినిపిస్తుంది. తొప్పిని సుమారు ఒక స్థాయి కింద, అంటే 65 హెర్ట్జ్ దగ్గర శ్రుతి చేస్తారనుకుంటే, అక్కడ దాదాపు ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. అందులో కొంత గోడ తిరిగి ఇస్తుంది.

బయటి కొలతలు 22 × 34 × 24 సెం.మీ. పెట్టుకోండి. లోపల 11.4 లీటర్లు వస్తుంది. డ్రైవర్లు, మధ్య అడ్డుబద్ద, క్రాసోవర్ ఆక్రమించే చోటు తీసివేస్తే పది లీటర్లు మిగులుతుంది.

ఆటోనగర్ కాయిల్ (విజయవాడ)

పెట్టె విషయంలో పై మిత్రునితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. క్రాసోవర్ విషయంలో మాత్రం, కాల్‌క్యులేటర్ ఇచ్చిన అంకెలతో దయచేసి ఒక్క కెపాసిటర్ కూడా కొనవద్దు.

ఆ లెక్క డ్రైవర్‌ను 8 ఓముల రెసిస్టర్ అనుకుని వేసినది. మీ వూఫర్ డీసీ నిరోధం 5.8 ఓములు, కాయిల్ ఇండక్టెన్స్ కలిస్తే 2,500 హెర్ట్జ్ వద్ద ఇంపీడెన్స్ (ఏసీకి చూపే నిరోధం) 11 ఓములకు చేరుతుంది, ఆపైన ఇంకా పెరుగుతూనే ఉంటుంది. అందువల్ల అర మిల్లీహెన్రీ కాయిల్ ఆ వూఫర్‌ను అనుకున్నచోట కోయలేదు. వూఫర్‌కు సమాంతరంగా 7.2 ఓముల రెసిస్టర్, 11 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఒకదాని వెంట ఒకటిగా కలిపితే ఆ పెరుగుదల చదునవుతుంది. దీనినే జోబెల్ అంటారు.

ట్వీటర్ సంగతి ఇంతకన్నా ముఖ్యం. ఒక్క కెపాసిటర్‌తో 2,500 వద్ద కోస్తే, ట్వీటర్ సొంతంగా కంపించే 1,000 హెర్ట్జ్ వద్ద 8.6 డెసిబెల్స్ మాత్రమే తగ్గుతుంది. పైగా అక్కడ దాని ఇంపీడెన్స్ కొండలా లేచి ఉంటుంది గనుక అంత కూడా తగ్గదు. ఉచ్చస్థాయిలో గాత్రం గీరుకున్నట్లు వినిపించడానికి చాలా ఇంటి స్పీకర్లలో కారణం ఇదే. సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్, రస్ రైలీల పేర్లతో పిలిచే పద్ధతిలో రెండో తరగతి క్రాసోవర్ (ఒక్కొక్క డ్రైవర్‌కు ఒక కాయిల్, ఒక కెపాసిటర్ ఉండేది) చేస్తే అదేచోట 17 డెసిబెల్స్ తగ్గుతుంది.

కోత 2,400 హెర్ట్జ్ దగ్గర ఉంచండి. అక్కడ తరంగదైర్ఘ్యం 14.3 సెం.మీ. కాబట్టి రెండు డ్రైవర్ల కేంద్రాల మధ్య దూరం 14 సెం.మీ. మించకుండా ట్వీటర్‌ను వూఫర్‌కు ఆనించినట్లు బిగించాలి. ఈ తరహా క్రాసోవర్‌లో ట్వీటర్ తీగలు తిప్పి (ప్లస్, మైనస్ తారుమారు చేసి) కలపాలని పుస్తకాలు చెబుతాయి. కానీ వూఫర్ ధ్వని పుట్టేచోటు ట్వీటర్ కన్నా 2 సెం.మీ. వెనుక ఉంటే ఆ పౌనఃపున్యంలో 50 డిగ్రీల తేడా వస్తుంది కాబట్టి, రెండు విధాలుగానూ కలిపి కొలిచిన తరువాతే నిర్ణయించుకోవాలి.

పెట్టె వెడల్పు 22 సెం.మీ. కనుక సుమారు 520 హెర్ట్జ్ కింద ధ్వని పెట్టె చుట్టూ వెనక్కి తిరగడం మొదలై, కింది స్వరాలు పలచబడతాయి. దీనికి పరిహారంగా వూఫర్ కాయిల్‌ను 1.5 మిల్లీహెన్రీతో మొదలుపెట్టండి. ట్వీటర్‌కు 4 ఓముల రెసిస్టర్ వరుసలో, 8 ఓములది సమాంతరంగా పెడితే 6 డెసిబెల్స్ తగ్గుతుంది.

కాయిల్ కొననక్కర్లేదు. మోటార్లు చుట్టేవారి దగ్గర 1 మి.మీ. ఎనామిల్ రాగి తీగ దొరుకుతుంది. 30 మి.మీ. గొట్టానికి 25 మి.మీ. ఎడంతో రెండు బిళ్లలు అతికించి, తీగ వదులు కాకుండా వేలితో అదిమి పట్టుకుని 240 చుట్లు చుట్టండి. ఎల్‌సీఆర్ మీటర్ (ఇండక్టెన్స్ కొలిచేది) పెట్టి, సరైన విలువ వచ్చేవరకు ఒక్కొక్క చుట్టు విప్పుతూ రండి. సుమారు 230 చుట్ల దగ్గర 1.5 వస్తుంది. పట్టే తీగ 29 మీటర్లు, నిరోధం 0.64 ఓము. ఇనుప కడ్డీ లేని కాయిల్ కాబట్టి గట్టిగా మోగించినా సంతృప్తం కాదు, విలువ పడిపోదు. రెండు కాయిల్స్‌నూ దూరంగా, ఒకదానికొకటి అడ్డంగా బిగించండి.

గవర్నర్‌పేట శ్రోత

ఇంత వివరంగా రాసినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. మరి రెండు సందేహాలు. చెక్క ఎండీఎఫ్ (చెక్కనారను నొక్కి చేసిన పలక) అయితే మంచిదా, ప్లైవుడ్ మంచిదా? లోపల నింపడానికి ఇంట్లో ఉన్న బూరుగుదూది వాడవచ్చా?

బ్రాడీపేట

వానాకాలంలో మన దగ్గర ఎండీఎఫ్ అంచులు తేమ పీల్చి ఉబ్బుతాయి. నీటికి తట్టుకునే రకం 18 మి.మీ. ప్లైవుడ్ తీసుకోండి. బూరుగుదూది వద్దండి. దిండ్లలో నింపే పాలిస్టర్ దూది వదులుగా పెట్టండి. బిగించాక వూఫర్ కోన్‌ను నాలుగు వేళ్లతో సమంగా, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. తాపీగా తిరిగి వస్తే పెట్టెలో గాలి నిలుస్తున్నట్లు; వెంటనే వచ్చేస్తే ఎక్కడో సందు ఉన్నట్లు.

కొలతలు తెల్లవారుజామున డాబా మీద తీసుకోండి. స్పీకర్‌ను 1.2 మీటర్ల ఎత్తు బల్ల మీద, మైకును అదే ఎత్తులో ఒక మీటరు దూరంలో పెడితే నేలకు తగిలి వచ్చే ధ్వని 4.6 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఆలోపే కొలతను కత్తిరిస్తే సుమారు 220 హెర్ట్జ్ పైన వచ్చేదంతా స్పీకర్ సొంత ధ్వనే.

ఒక్క మాట. పెట్టె ముఖం గోడతో సమంగా వచ్చేలా గూట్లో పెడితే ఆ గోడే పెట్టెకు ముఖం అవుతుంది. అప్పుడు కింది స్వరాలు పలచబడవు కాబట్టి 1.5 మిల్లీహెన్రీ ఎక్కువవుతుందని నా అనుమానం.

గవర్నర్‌పేట శ్రోత

రెండు నెలల తరువాత రాస్తున్నాను. పెట్టెలు పూర్తయ్యాయి. డాబా మీద ట్వీటర్‌ను తిప్పి కలిపినప్పుడు చదునుగా వచ్చింది, తిన్నగా కలిపినప్పుడు 2,400 హెర్ట్జ్ దగ్గర లోతైన గుంట పడింది. అందువల్ల తిప్పే ఉంచాను. డాబా మీద గాత్రం ఎంతో బాగుంది.

గూట్లో ముఖం గోడకు సమంగా పెట్టి, చుట్టూ సందుల్లో నురుగు బద్దలు కూరి వింటే మాత్రం గాయకుడు దుప్పటి కప్పుకుని పాడుతున్నట్లు బరువుగా వినిపించింది. బ్రాడీపేట మిత్రుని అనుమానమే నిజమైంది. క్రాసోవర్‌ను పెట్టె వెనుక విడిగా ఉంచాను కాబట్టి స్క్రూలు విప్పే పని లేకపోయింది. కాయిల్ నుంచి ఐదేసి చుట్లు విప్పడం, మళ్లీ అదే క్యాసెట్ వినడం చేస్తూ 207 చుట్ల దగ్గర ఆగాను, మీటర్ 1.2 మిల్లీహెన్రీ చూపించింది. మంద్రంలో పంచమం పట్టినప్పుడు గొంతు గోడలో నుంచి కాక గదిలో నుంచి వస్తోంది. వూఫర్ వైపు మారింది కాబట్టి ఆదివారం తెల్లవారుజామున ట్వీటర్ తీగల పరీక్ష మళ్లీ చేసి, ఆ కొలతలు ఇక్కడ పెడతాను.