పంచదార చిలకల్లో గుర్రం కూడా చిలకేనా?

మేం పెన్సిల్వేనియాలో ఉంటాం. ఈస్టర్ దగ్గర పడితే ఇక్కడ ఏ షాపుకెళ్లినా పీప్స్ పెట్టెలే, మార్ష్‌మెలో అనే మెత్తటి స్పాంజి లాంటి మిఠాయితో చేసి పైన రంగు పంచదార అద్దిన కోడిపిల్లలు, ఒకదాన్నొకటి అంటుకుని వరసగా ఉంటాయి. పీప్ అంటే కోడిపిల్ల చేసే చప్పుడు. అంతవరకు బానే ఉంది, కానీ అదే కంపెనీ కుందేళ్లు చేస్తుంది, హాలోవీన్‌కి దయ్యాలు చేస్తుంది, వాటినీ పీప్స్ అనే అమ్ముతుంది! కుందేలు ఎప్పుడు కూసిందండీ? మన పంచదార చిలకలూ ఇంతే కదా అనిపించింది. మా కోనసీమలో సారెలో గుర్రం వచ్చినా గోపురం వచ్చినా అన్నీ చిలకలే. మీ వైపు ఏమంటారు?

గుంటూరు నుంచి: మాకూ అంతేనండీ. చెక్క అచ్చు రెండు ముక్కలూ బిగించి పాకం పోస్తారు, లోపల ఏనుగున్నా సరే "రెండు చిలకలివ్వు" అనే అడుగుతాం. ఏనుగు ఏమీ అనుకోదు లెండి.

కరీంనగర్ నుంచి: మా దిక్కు హోళీకి చక్కెర పేర్లు. ఈ పేరు పిలిచే పేరు కాదన్నా, దండ. కాసులపేరు, ముత్యాలపేరు అంటాం చూడు, అదే. అచ్చులో ముందే దారం పరిచి పాకం పోస్తారు కాబట్టి బిళ్లలన్నీ దారానికి పట్టుకుని దండలా వస్తాయి. పిల్లల మెడలో వేస్తాం, పొద్దుగూకేసరికి దారం ఒక్కటే మిగులుతుంది, మెడంతా జిగురు. ఇంతకీ ఆ కోడిపిల్లల్ని తింటారా?

కోనసీమ (పెన్సిల్వేనియా): తినేవాళ్లు తింటారు, పెట్టె తెరిచి గట్టిపడేదాకా ఉంచి మరీ తినేవాళ్లున్నారు. కానీ నాకు నచ్చేది వాటితో ఆడే ఆటలు. రెండు పీప్స్‌కి టూత్‌పిక్‌లు గుచ్చి మైక్రోవేవ్‌లో ఎదురెదురుగా పెడతారు, మార్ష్‌మెలో అంటే జెలటిన్‌లో చిక్కుకున్న గాలి బుడగలే కాబట్టి వేడికి రెండూ ఉబ్బుతాయి, ఎవరి పుల్ల ముందు ఎదుటిదానికి గుచ్చుకుంటే వాళ్లు గెలిచినట్టు. వాషింగ్టన్ పోస్ట్ పత్రిక 2007 నుంచి కొన్నేళ్లు వీటితో బొమ్మలకొలువు లాంటి పోటీ కూడా పెట్టింది. ఇక్కడే పెన్సిల్వేనియాలో బెత్లెహాం అనే ఊళ్లో ఉన్న జస్ట్ బార్న్ కంపెనీ 1953లో రాడా అనే మిఠాయి కంపెనీని కొన్నప్పుడు వీటిని చేత్తో పిండుతూ ఒక్కొక్కటీ చేసేవాళ్లట, ఒక పీప్ తయారవడానికి 27 గంటలు. రెక్కలు కూడా ఉండేవి. తర్వాత మెషీన్లొచ్చాయి, రెక్కలు పోయాయి, ఇప్పుడు 6 నిమిషాల పని. ఆ బెత్లెహాం ఊళ్లో డిసెంబరు 31న పెద్ద పీప్ బొమ్మని పైనుంచి దింపుతారు, అది మాత్రం చూడాలి.

గుంటూరు నుంచి: జెలటిన్ అంటే శాకాహారం కాదుగా?

కోనసీమ (పెన్సిల్వేనియా): కాదు, పంది నుంచి తీసేది. మా ఇంట్లో అందుకే మైక్రోవేవ్ యుద్ధాల వరకే.

బెంగళూరు నుంచి: చర్చ ఎక్కడికో పోయింది గానీ, అసలు ప్రశ్నకి ఒక మాట. ఇక్కడ కన్నడంవాళ్లు సంక్రాంతికి ఎళ్ళు బెల్లతో (నువ్వులు, బెల్లం కలిపింది) పాటు ఇలాంటి పంచదార బొమ్మలే పంచుతారు, వాటిని సక్కరె అచ్చు అంటారు. అచ్చు అన్నాక అందులో గుర్రమున్నా చిలకున్నా ఎవరికీ పేచీ లేదు. అయినా నాకు మన చిలకే ఇష్టం, అచ్చు అంటే ఇనప సామాన్ల కొట్లో అడిగినట్టుంది.